దాదీమా దాచిన లష్కర్

మా అబ్బాకి ప్లాటు కాగితాలు చూపించిన రోజు ఆయన సర్వే నంబరు అడగలేదు, గజం ఎంతకి పడిందనీ అడగలేదు. ఊరి పేరు మీద వేలు ఆపి "పెద్ద అంబర్‌పేటా?" అన్నాడు. కళ్లద్దాలు తీసి కుర్తా కొసతో తుడుచుకున్నాడు. "తేరే దాదా ఫౌజ్ కే కపడే ఉతారే సో జగా" అన్నాడు. మీ తాత ఫౌజు బట్టలు విప్పేసిన చోటు అని.

ఊరందరి ఖబర్లు రాసి బతికేవాణ్ని. మా ఇంటి ఖబర్ నలభై ఏళ్లు దాటాక తెలిసింది. షరమ్ అనిపించింది, నిజం చెప్పాలంటే.

హయత్‌నగర్ పాత ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేటప్పుడు పంపకాల్లో దాదీమా సందూఖ్ నా వాటాకి వచ్చింది. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి వచ్చింది. దాని అడుగున, పాత రజాయీ కింద, నాలుగు సామాన్లు దొరికాయి. ఒక కాన్వాసు ఛాగల్. ఎనామిల్ ఊడిన ఒక తామ్లోట్. మూతతో సహా ఒక డేగ్చీ. చుట్ట చుట్టి పెట్టిన నల్లటి ఊలు పట్టీ ఒకటి. మా చిన్నోడు ఒక్కొక్కటీ తీసి నేల మీద పేర్చి "అబ్బూ, యే క్యా హై?" అన్నాడు. మీ పర్‌దాదా ఫౌజ్ సామాన్ అన్నాను. వాడి మొహం వాడిపోయింది. వాడు కనీసం ఒక తమ్గా అయినా దొరుకుతుందనుకున్నాడు, ఇత్తడి పతకం లాంటిది. వంటింటి సామాన్ చూపించి ఫౌజ్ అంటే ఏ పిల్లవాడు నమ్ముతాడు?

కానీ ఫౌజులో పనిచేసిన వాళ్లని అడిగి చూడండి. మా గల్లీ చివర ఒక రిటైర్డ్ హవల్దార్ ఉంటాడు, నల్లగొండ వైపు మనిషి. నేను అన్నా అంటాను, ఆయన భాయ్ అంటాడు. "అన్నా, సర్కార్ ఇచ్చిన సామాన్ల నీకు ఇష్టమైంది ఏది?" అని అడిగాను. రైఫిల్ అంటాడనుకున్నా. "మగ్గు" అన్నాడు, ఒక్క సెకను ఆలోచించకుండా. "చాయ్ దాంట్లనే, దాల్ దాంట్లనే, గడ్డం గీసుకునే నీళ్లు దాంట్లనే. చలి పోస్టుల ముందు చేతులకు కాక, తర్వాత కడుపుకు. రైఫిల్‌ను రోజూ తుడవాలె భాయ్. మగ్గు మనల్ని తుడుస్తది." తరవాత వరస మొదలుపెట్టాడు: ఆలివ్ రంగు ఊలు అంగోలా షర్టు, వీపున మోసే పిట్ఠూ, పేరూ నంబరూ తెల్ల పెయింటుతో రాసిన నల్ల ట్రంకు, బిస్తర్‌బంద్. ఆయుధం ఒక్కటీ లేదు ఆ వరసలో.

దునియా అంతా ఇంతే. అమెరికా సిపాయిలకి 1942లో ఒక బుల్లి ఇనప ముక్క ఇచ్చారు, డబ్బా మూతలు కోసుకోడానికి. పీ-38 అని దాని పేరు. బొటనవేలంత ఉండదు. మెడలో ఐడీ బిళ్లలతో కలిపి వేలాడదీసుకున్నారు, ముసలితనంలో కూడా తాళాల గుత్తికి తగిలించుకుని తిరిగారు. వియత్నాం జంగ్ కాలంలో ఇచ్చిన పల్చటి బొంత లాంటి పోంచో లైనర్ అయితే మరీ. దానికి చంటిపిల్లల దుప్పటికి పెట్టినట్టు వూబీ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. రష్యన్లు కాళ్లకి మేజోళ్ల బదులు గుడ్డముక్కలు చుట్టుకునేవారు. వాటిని ఫౌజులోంచి తీసేయమని అక్కడి రక్షణమంత్రి 2013లో హుకుం ఇస్తే పాత సిపాయిలు అలిగారు. పరాయి జాగాలో, రేపటి గ్యారంటీ లేని చోట, తిండీ నీళ్లూ నిద్రా ఇచ్చేదాని మీదే మనిషి దిల్ ఉంటుంది.

మా సందూఖ్‌లోని నాలుగు సామాన్లకి మాత్రం ఇంకో సంగతి ఉంది. వాటి పేర్లు.

నేను చదివింది ఉర్దూ మీడియం. ఉర్దూ అనే లఫ్జ్‌కి అసలు మానే లష్కర్ అని, తుర్కీ భాషలో ఫౌజు దిగిన విడిది అని, చిన్న జమాత్‌లోనే మా మౌల్వీ సాబ్ చెప్పారు. ఇంగ్లీషులో గుంపుని హోర్డ్ అంటారే, అదీ ఈ ఖాన్‌దానే. మా షహర్‌కి ఇది చెప్పే పని లేదు. సికింద్రాబాద్‌ని ఇప్పటికీ లష్కర్ అంటాం, అక్కడి బోనాలని లష్కర్ బోనాలంటాం. బార్కస్ అంటే బ్యారక్స్. రిసాలా బజార్ అంటే గుర్రపు దళం బజారు. నేను రోజూ దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఆఫీసుకు పోయే దారిలో తగిలే మూసారాంబాగ్, నిజాం ఫౌజుకి తోపులు పోయించిన ఫ్రెంచి సర్దార్ మూస్యో రేమండ్ పేరు. 1798లో చనిపోయాడు. ముసల్మాన్లకి మూసా రహీమ్, హిందువులకి మూసా రామ్ అయ్యాడు. ఎవరి నోటికి తగ్గట్టు వాళ్లు మార్చుకున్నారు.

తరవాత డిగ్రీ తెలుగు తీసుకున్నాక రెండో సగం దొరికింది. 18వ సదీలో ఉత్తరాదికి పోయిన కంపెనీ సిపాయిల్లో మొదటివాళ్లు మద్రాసు వైపు నుంచి, తెలుగు జిల్లాల నుంచి వెళ్లారు. దాంతో బెంగాల్ నుంచి లక్నో దాకా విలాయతీ పోషాక్ వేసుకున్న ప్రతి సిపాయినీ 'తిలంగా' అన్నారు. వాడు అవధ్ బ్రాహ్మడైనా, బీహార్ పఠానైనా తిలంగానే. 1857 గదర్ గురించి దిల్లీ వాళ్లు ఉర్దూలో రాసుకున్న కాగితాల నిండా తిలంగేలే. సిపాయికి తెలుగువాడి పేరు పడింది, సిపాయి చేతిలోని సామాన్‌కి ఉర్దూ పేరు పడింది. రెండూ మావే అని నేను ఫఖర్‌గా చెప్పుకుంటాను, ఎవరూ అడక్కపోయినా.

ఖాకీ నుంచి మొదలుపెడదాం. ఫార్సీలో ఖాక్ అంటే మన్ను, ఖాకీ అంటే మన్నురంగు. 1846లో పెషావర్‌లో లమ్స్‌డెన్ అనే ఇంగ్లీషు అఫ్సర్ గైడ్స్ దళాన్ని లేపినప్పుడు దాని సిపాయిలకి ఎర్రకోటు బదులు ఈ మన్నురంగు వచ్చింది. యాభై అరవై ఏళ్లలో మొత్తం ఇంగ్లీషు ఫౌజు మన్నురంగులోకి దిగింది. ఇప్పుడు మా పోలీసుల నుంచి ఆటోవాలాల దాకా అదే.

ఆ తరవాతది పట్టీ. పహాడీ మనుషులు చలికీ రాళ్లకీ పిక్కలకి చుట్టుకునే ఊలు గుడ్డ. ఇంగ్లీషువాడు దాన్ని 'పటీ' చేసి డిక్షనరీలో ఎక్కించి, మొదటి ఆలమీ జంగ్‌లో లక్షలాది కాళ్లకి చుట్టించాడు. పైదల్ సిపాయి చీలమండ దగ్గర మొదలుపెట్టి మోకాలి వైపు చుట్టేవాడు. గుర్రపు సవార్ మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందికి చుట్టేవాడు. పాత ఫోటోల్లో కాళ్లు చూసి మనిషి ఏ దళమో చెప్పొచ్చు. నిజానికి అది అంత మంచి సామాన్ కాదు. తడిస్తే బిగుసుకుని కాలికి నెత్తురు ఆడనిచ్చేది కాదు. కానీ ఊలు కాబట్టి సిపాయి దాన్ని వంద పనులకి వాడుకున్నాడు: మఫ్లర్, కట్టు, మూట తాడు, తలగడ. మా ఇంట్లో దాని పని ఇంకోటి. దాని దగ్గరికి వస్తాను.

డేగ్చీ. దేగ్ అంటే పెద్ద వంటపాత్ర, డేగ్చీ అంటే దాని బచ్చీ. తెలుగు పల్లెల్లో పెళ్లివంటలకి తెచ్చే డేగిసా ఇదే. ఇంగ్లీషు ఫౌజులో 'డిక్సీ' అయింది. ఫ్రాన్స్ ఖందకాల్లో లండన్ కుర్రాడు డిక్సీలో టీ కాచుకుని, అదే డిక్సీలో మాంసం ఉడికించి, దాని మూతలో పందికొవ్వు వేయించుకున్నాడు. టీలో మాంసం వాసన, మాంసంలో టీ వాసన. ఇంటికి పోవాలనిపిస్తే 'బ్లైటీ' అని పాడుకున్నాడు. అది మా 'విలాయతీ'. తన దేశాన్ని తలుచుకోడానికి కూడా పాపం వాడికి మా లఫ్జే దిక్కయింది.

తామ్లోట్‌ది ఉల్టా సఫర్. మా దాదీమా దాన్ని తాంబా లోటా అనుకునేది. లోటా మాత్రం ఇనుముది, పైన ఎనామిల్, తాంబా ఎక్కడా లేదు. నేనూ చాలా రోజులు అలాగే నమ్మాను. అసలది ఇంగ్లీషు టంబ్లర్. బంగళాల్లో ఖాన్సామాల నోట్లో తామ్లేట్, తామ్లోట్ అయి, ఉర్దూ లుగత్‌లో కూర్చుంది. మనం డేగ్చీ ఇస్తే వాళ్లు తామ్లోట్ ఇచ్చారు.

ఇక ఛాగల్. దీని దగ్గర కొంచెం ఆగాలి, నాకు అన్నిటికన్నా ప్యారా ఇదే. తెలుగు డిగ్రీలో ప్రబంధాలకి అర్థాలు రాసుకునేటప్పుడు 'ఛాగము' అంటే మేక అని తగిలింది. బెంచీ మీద కూర్చున్నవాణ్ని లేచి నిలబడ్డాను. మా ఇంటి ఛాగల్ ఎప్పుడో మేకతోలు సంచి అన్నమాట. తోలు పోయి కాన్వాసు వచ్చినా పేరు మేకదే. ఉర్దూలో ఆడవాళ్ల కాలి అందెనీ ఛాగల్ అనే అంటారు, అది వేరే కథ.

దీని పని తీరు సాదా. మందపాటి కాన్వాసు సంచీలో నీళ్లు పోస్తే గుడ్డ తడిసి చెమట పడుతుంది. ఆ చెమటని ఎండా గాలీ ఎగరగొడుతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. మన్నుకుండ చేసే పనే, కాకపోతే ఇది పగలదు, ఖాళీ అయితే మడతపెట్టుకోవచ్చు. ఎండ ఎంత ముదిరితే అంత బాగా పనిచేస్తుంది. వానాకాలపు ఉక్కలో మాత్రం బేకార్. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు కదా. కొత్త ఛాగల్‌ని రాత్రంతా నానబెట్టాలి. దారాలు ఉబ్బి కంతలు మూసుకుపోతే గానీ నీళ్లు నిలవవు. ఈ మా విజయవాడ రోడ్డు మీద ఒకప్పుడు లారీల ముందుభాగాన ఛాగల్ వేలాడుతూ పోయేది. డ్రైవర్ దిగి బొట్టు కింద పడకుండా తాగేవాడు.

సిపాయికి జారీ చేసిన నీళ్ల సీసా వేరు. ఇంగ్లీషు ఫౌజుది నీలం ఎనామిల్ ఇనప సీసా, పైన ఖాకీ ఊలు తొడుగు, దారంతో కట్టిన బిరడా. రెండు పైంట్లు పట్టేది, అంటే లీటరు పైచిలుకు. తొడుగు తడిపితే అదీ చల్లబడేది. సీసా ఒక్కడిది. గుర్రపు జీనుకి వేలాడే ఛాగల్ మాత్రం పక్కవాడిది కూడా.

ఎండలో నీళ్లంటే ఏమిటో హైదరాబాద్ ఫౌజులో అందరికన్నా ముందు తెలుసుకున్నది లాన్సర్లు. నిజాం పంపిన హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు 1914లో మిస్ర్ చేరారు. ముందు సూయజ్ కాలువ కాపలా, తరవాత సినాయ్ రేగిస్తాన్, తరవాత ఫలస్తీన్. మైసూర్ లాన్సర్లూ, ఆఖరి ఏడు జోధ్‌పూర్ లాన్సర్లూ అదే 15వ బ్రిగేడ్. ఆ జంగ్‌లో శత్రువు తుర్కీ ఎంతో, దాహం అంతే. నైల్ నది నీళ్లని 12 అంగుళాల పైపులో వందమైళ్లు పైన సినాయ్ ఇసక దాటించారు. పైపు ఆగిన చోట నుంచి ఒంటెల వీపు మీద రేకు ట్యాంకులు. 1918 ఎండాకాలం జోర్డాన్ లోయలో గడిచింది, సముద్రమట్టానికి ఎంతో లోతున, దుమ్మూ దోమలూ మలేరియా మధ్య. 1918 సెప్టెంబర్ 23న హైఫా మీద గుర్రాలు దూకించింది ముఖ్యంగా మైసూర్, జోధ్‌పూర్ వాళ్లు. దిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి విగ్రహాల్లో మూడోది హైదరాబాద్ సవార్‌ది. ఇప్పుడు ఆ చౌక్ పేరు తీన్‌మూర్తి హైఫా చౌక్. అటు వెళితే ఆ మూడో మనిషిని ఒక్క నిమిషం చూడండి. ఖలీఫా ఫౌజు మీదికి పోయిన ముసల్మాన్ సవార్లు అందులో ఎంతమందో. వాళ్ల దిల్‌లో ఏముందో ఏ విగ్రహం మీదా రాసి లేదు.

ఇంకో సంగతి. సర్కార్ 'జారీ' చేయడం అనేదే కొత్త రివాజు. దక్కన్ పాత గుర్రపు దళాల్లో సిల్లాదారీ నడిచేది. సిలాహ్ అంటే హత్యార్, సిలాహ్‌దార్ అంటే తన హత్యార్ తానే తెచ్చుకున్నవాడు. గుర్రం వాడిదే, జీను వాడిదే, మేత సంచి తోబ్రా వాడిదే. సర్కార్ జీతం మాత్రం ఇచ్చేది. జారీ మొదలయ్యాక సామాన్ సర్కార్‌ది, మనిషి దాని అమానత్‌దార్. పోతే తన్‌ఖాలో కోత. మా దాదా నౌకరీ చేసిన కాలానికి అంతా జారీనే. ఆయన నిజాం బాఖాయిదా ఫౌజులో పైదల్ సిపాయి. కిట్టు అంతా ఇంగ్లీషు నమూనాలో ఉండేది. ఆయన మొహల్లా దోస్తు ఒకాయన 1వ హైదరాబాద్ పల్టన్‌తో మలయా వెళ్లాడు. 1941 డిసెంబర్‌లో జపాన్‌వాళ్లు దిగినప్పుడు ఆ పల్టన్ కోటా భారు ఎయిర్‌ఫీల్డ్ కాపలాలో ఉంది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయాక ఆయన ఖైదీ. మూడేళ్ల తరవాత ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఉన్నది ఒక సొట్టలు పడ్డ అల్యూమినియం డబ్బా, అన్నం తినేది. దాన్ని పక్కన పెట్టుకుని పడుకునేవాడట. ఖైదులో డబ్బా పోగొట్టుకున్నవాడికి గంజి దోసిట్లో పోసేవాళ్లని మా దాదాకి చెప్పాడు. మా దాదా తన డబ్బాని అప్పటినుంచి ఇంకా జాగ్రత్తగా చూసుకున్నాడు.

ఇప్పుడు 1948.

సెప్టెంబర్ 13న హిందుస్తాన్ ఫౌజు లోపలికి వచ్చింది. పెద్ద దళం షోలాపూర్ వైపు నుంచి జె.ఎన్. చౌధురి కింద. ఇంకోటి బెజవాడ నుంచి ఈ రోడ్డు మీదే, మేజర్ జనరల్ రుద్ర కింద. నిజాం ఫౌజు సూర్యాపేట దగ్గర మూసీ వంతెన పేల్చేసి వెనక్కి తగ్గింది. వంతెన తొందరగానే మరమ్మతు అయింది. 17న నిజాం జంగ్‌బందీ ప్రకటించాడు. 18న ఫౌజు సర్దార్ ఎల్ ఎద్రూస్ చౌధురి ముందు లొంగిపోయాడు. ముప్పై ఏళ్ల కింద లాన్సర్లతో ఫలస్తీన్ చూసివచ్చిన మనిషే ఆయన. ఐదు రోజుల్లో ఖతం.

మా దాదా మూసీ ఇవతల ఉన్న టుకడీలో ఉన్నాడు. జంగ్‌బందీ ఖబర్ తెలిశాక రైఫిల్ అప్పగించమన్నారు, అప్పగించాడు. తరవాత ఎవరి దారి వాళ్లది. పగలు జొన్నచేలల్లో, రాత్రి రోడ్డు పక్కన, రెండు రాత్రులు నడిచి పెద్ద అంబర్‌పేట్ చేరాడు. హయత్‌నగర్ ఇంటికి ఇంకో గంటన్నర నడక. ఒక పాడుబావి దగ్గర గొర్ల మందతో కురుమాయన ఎదురయ్యాడు. "యాడికి పోతవు సాయిబూ?" అన్నాడు. దాదా ఊరి పేరు చెప్పాడు. "గా బట్టల మీద పోతే ఊరు జేరవు" అన్నాడాయన.

ఖాకీ వేసుకున్న ముసల్మాన్ అంటే ఆ రోజుల్లో సిపాయో రజాకారో తేడా అడిగేవాడు లేడు. రజాకార్ల జుల్మ్ ఝూట్ కాదు. ఈ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ఊర్లే దానికి గవాహీ, ఆ కురుమాయన ఊరూ అందులో ఉండే ఉంటుంది. దాని తరవాత జరిగిందీ ఝూట్ కాదు. సర్కార్ పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ చచ్చిపోయినవాళ్లని 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా కట్టింది. ఆ కాగితం దశాబ్దాల పాటు బయట పడలేదు. ఈ రెండింటి మధ్య ఒక మనిషి తన గొంగడి తీసి ఇంకో మనిషి భుజాల మీద వేశాడు. మా ఖాన్‌దాన్ అక్కడినుంచి కొనసాగింది.

షర్టూ పత్‌లూనూ టోపీ పాడుబావిలోకి పోయాయి. బూట్లూ పోయాయి, వాటి చప్పుడు ఫౌజుదే కదా. మిగిలిన సామాన్ గొంగడి చాటున చంకలో పెట్టుకుని వట్టికాళ్లతో, సగం చీకట్లో ఇల్లు చేరాడు.

అసలు జంగ్ అప్పుడు మొదలైందని దాదీమా చెప్పేదట. ఇల్లిల్లూ తలాషీ చేస్తున్నారని పుకారు. ఆమె చదువుకున్నది కాదు, అప్పటికి ఇరవై ఏళ్లు ఉంటాయి, కడుపుతో ఉంది. దాదా తెచ్చిన సామాన్ అంతా చూల్హా ముందు పేర్చి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని అడిగింది: "ఇస్కో ఘర్ మే క్యా బోల్తే?" దీన్ని ఇంట్లో ఏమంటారు? ఎవరైనా వచ్చి ఇదేంటని అడిగితే తడబడకుండా చెప్పడానికి ఇంటి పేరు ఉండాలి. అదీ ఆమె లెక్క.

డేగ్చీ. ఇంటి పేరు ఉంది, మసి పట్టించి చూల్హా మీదికి ఎక్కించింది. తామ్లోట్. ఉంది. అడుగున ఉన్న ముద్రని గడప రాయి మీద రుద్ది రుద్ది అరగదీసింది. నా దగ్గరున్న తామ్లోట్‌కి అడుగు సగం ఇప్పటికీ వట్టి ఇనుమే, తుప్పు పట్టి ఉంది. ఛాగల్. ఉంది, బండివాళ్లందరికీ ఉండేదే. పట్టీలకి పేరైతే ఉంది గానీ రంగు ఖాకీ. కరక్కాయలు దంచి, తుప్పు మేకులు వేసి ఉడకబెట్టి, ఆ నీళ్లలో రెండు పట్టీలూ ముంచింది. నల్లగా తేలాయి. వెడల్పాటి నడుం పేటీని చూల్హాలో పెట్టింది, రాత్రంతా కంపు కొట్టిందట. ఎనామిల్ నీళ్ల సీసా దిబ్బలోకి పోయింది.

ఇక మిగిలింది అన్నం డబ్బా. దీర్ఘచతురస్రంగా, మడతపిడితో ఉండే అల్యూమినియం మెస్ టిన్. దాదా దాన్ని ఇవ్వనన్నాడు. ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైంది అదే, మలయా దోస్తు మాట విన్నప్పటినుంచి మరీ. దాదీమా మళ్లీ అదే అడిగింది. ఇంట్లో దీన్ని ఏమంటారు? ఆయన ఆలోచించాడు. తష్తరీ కాదు. కటోరా కాదు. టిఫిన్ కాదు. మెస్ టిన్‌కి మా భాషలో పేరు లేదు. లష్కర్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి లష్కర్‌కి ఇన్ని వందల ఏళ్లుగా నడిచిన లఫ్జ్‌ల్లో దానికి ఒక్కటీ దొరకలేదు. ఆమె దాన్ని సుత్తితో చదును చేసి మర్నాడు పాత సామాన్‌వాడికి అణాలకి అమ్మేసింది.

తరవాత ఆ ఫౌజు రద్దయింది. కొందరిని తీసుకున్నారు, చాలామందిని ఇంటికి పంపారు. దాదా ఇంటికి పంపినవాళ్లలో ఒకడు. కట్టెల అడితీలో హిసాబ్ రాశాడు, తరవాత సొంత బండి పెట్టాడు. ఫౌజు మాట ఇంట్లో ఎత్తేవాడు కాదు. దస్తర్‌ఖ్వాన్ దగ్గర పళ్లెం కొంచెం పెద్దదైనా, అన్నం అంచు దాటినా "ఏక్ డబ్బా థా మేరే పాస్" అని మొదలుపెట్టి ఆపేసేవాడని అబ్బా చెప్పాడు. దాదీమా తల వంచుకుని కూర వడ్డించేదట. చాలా ఏళ్లకి ఆమె జుమ్మేరాత్ బజార్‌లో అచ్చం అలాంటి డబ్బా ఒకటి చూసి కొనుక్కొచ్చింది. డిస్పోజల్ సామాన్. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "యే మేరా నై" అన్నాడట. పొమ్మనలేదు, తినలేదు కూడా. అందులో గుండీలు వేసుకునేవాళ్లు.

గొంగడి సందూఖ్‌లో లేదు. నెలకో రెండు నెలలకో రోడ్లు నెమ్మదించాక దాదా దాన్ని ఉతికి, ఆరబెట్టి, అంబర్‌పేట్ నడిచివెళ్లి తిరిగి ఇచ్చేశాడు. అమానత్ కదా. ఆ కురుమాయన పేరు అబ్బాకి తెలీదు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లని అడిగాను. పాడుబావి ఏదని అడిగితే నవ్వారు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి కలిసినచోట బావులూ చేలూ ఎక్కడని చూపిస్తారు?

పట్టీ సంగతి చెప్తానన్నాను. ఆ చలికాలంలో మా అబ్బా పుట్టాడు. కాన్పు తరవాత బాలింతకి నడుం బిగించి కట్టాలి. ఇంట్లో ఉన్న గట్టి పొడుగాటి ఊలు గుడ్డ అదే, మూడు గజాల నల్ల పట్టీ. మంత్రసాని దాన్ని కింద నుంచి పైకి చుట్టిందట, పైదల్ సిపాయి చుట్టుకున్నట్టే. అబ్బా తరవాత నలుగురు ఫుప్పులకీ అదే. ఫుప్పుల కాన్పులకీ అదే వెళ్లి వచ్చింది. రెండోది ఎవరి అత్తగారింట్లోనో ఉండిపోయింది.

మొన్న ఏప్రిల్‌లో ఛాగల్‌ని బకెట్లో రాత్రంతా నానబెట్టాను. పొద్దున నింపి బాల్కనీలో హైవే వైపు వేలాడదీశాను. ఒక కుట్టు దగ్గర కారుతోంది. మధ్యాహ్నానికి సగం నీళ్లే మిగిలాయి, కానీ ఠండా. చిన్నోడు తాగి "బోరే కీ బాస్ ఆరీ" అన్నాడు, గోనెసంచి వాసనట. గల్లీ చివరి హవల్దార్ అన్న అటే పోతూ తలెత్తి చూసి ఆగాడు. పైకి రమ్మన్నాను. తామ్లోట్‌లో పోసి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, దాన్ని తిరగేసి, గీకేసిన అడుగుని వేలితో తడిమాడు. ఇదెవరు అరగదీసిన్రు భాయ్ అన్నాడు.

కుర్చీ లాగి కూర్చోమన్నాను.